ఒక విద్వత్ సంఘం తన పత్రికలో ఒకే పద్ధతిని పట్టుబట్టడం సబబేనా?

కీటకప్రియ:
జీవుల వర్గీకరణ అధ్యయనం కోసం పుట్టిన సంఘాల్లో విల్లీ హెన్నిగ్ సొసైటీ ఒకటి. జర్మన్ కీటక శాస్త్రవేత్త హెన్నిగ్ పేరుతో 1980లో మొదలైంది. 1985 నుంచి ‘క్లాడిస్టిక్స్’ పత్రిక నడుపుతోంది. 2016లో ఆ పత్రిక సంపాదకీయం తెగేసి చెప్పింది: మా పునాది పార్సిమొనీ. అంటే, అతి తక్కువ మార్పులతో సరిపెట్టే వంశవృక్షాన్నే ఎంచుకోవడం. వేరే పద్ధతిలో వచ్చిన వృక్షమే మేలని రచయిత అంటే, తాత్వికంగా సమర్థించుకోవాలి. ట్విట్టర్‌లో ‘పార్సిమొనీగేట్’ అని పెద్ద రగడే అయింది. నా మటుకు అది తప్పు. చుట్టరికాలు తేల్చాల్సిన సంఘం, తేల్చే పద్ధతి మీద ఒట్టు వేయించుకోకూడదు. మీరేమంటారు?

పాతకాపు:
ఒట్టు ఎవరు వేయించుకున్నారండి? నిషేధమేమీ లేదే! పార్సిమొనీతోనూ విశ్లేషించండి, తేడా వస్తే వాదించండి అన్నారు, అంతే. ఆ సంఘం పుట్టిందే ఒక పక్షాన నిలబడటానికి. నచ్చనివాళ్లకు వేరే సంఘాలు లేవా? లండన్‌లో లిన్నేయన్ సొసైటీ 1788 నుంచీ ఉంది, సిస్టమాటిక్స్ అసోసియేషన్ 1937 నుంచీ ఉంది.

లెక్కలమాస్టారు:
"వాదించండి" అంటూనే ఏ వాదన చెల్లదో కూడా ముందే చెప్పేశారు కదా. డేటా పెరిగేకొద్దీ పార్సిమొనీ తప్పు జవాబు వైపు పోవచ్చన్న అభ్యంతరాన్ని తాత్విక వాదనగా పరిగణించబోమన్నారు. 1978లో జీవపరిణామ శాస్త్రవేత్త జోసెఫ్ ఫెల్సెన్‌స్టీన్ చూపించింది సరిగ్గా అదే. నాలుగు జీవులు తీసుకోండి. దగ్గరి చుట్టరికం లేని రెండు వేగంగా మారుతున్నాయి, మిగతా రెండూ నెమ్మది. డీఎన్ఏలో అక్షరాలు నాలుగే కాబట్టి, ఒకే చోట ఆ రెండిట్లోనూ ‘ఏ’ విడివిడిగా ‘జి’గా మారడం తరచూ జరుగుతుంది. పార్సిమొనీ ఆ రెండు మార్పుల్నీ ఒకటిగా లెక్కేసి, వాటిని తోబుట్టువుల్ని చేసేస్తుంది. ఇది డేటా చాలక వచ్చిన తప్పు కాదు. ఎన్ని జన్యువులు చేరిస్తే తప్పు అంత గట్టిపడుతుంది!

పాతకాపు:
మాస్టారూ, మార్పులు ఎలా జరుగుతాయో ఒక గణిత నమూనా (మోడల్) పెట్టుకుని, ఉన్న డేటా రావడానికి ఎక్కువ అవకాశమిచ్చే వృక్షాన్ని ఎంచే లైక్లీహుడ్ పద్ధతి మాత్రం కడిగిన ముత్యమా? మోడల్ తప్పయితే అదీ ఇదే గోతిలో పడుతుంది. పొడవాటి కొమ్మలు, అంటే వేగంగా మారిన జీవులు, రెండూ నిజంగానే తోబుట్టువులైతే పార్సిమొనీయే తేలిగ్గా పట్టేస్తుంది. ‘ఫారిస్ జోన్’ అని దానికి పేరు కూడా ఉంది.

కీటకప్రియ:
ఏది గెలిచిందన్నది నా ప్రశ్న కాదండి. స్ట్రెప్సిప్టెరా అనే పరాన్నజీవి కీటకాలను చూడండి. మగవాటి ముందు రెక్కలు కుంచించుకుపోయి చిన్న గుబ్బల్లా ఉంటాయి. ఈగలకు వెనక రెక్కలు అలా ఉంటాయి. 1990ల్లో పార్సిమొనీ వర్గం వీటిని ఈగల సరసన చేర్చింది. అది పొడవు కొమ్మల మాయ అని లైక్లీహుడ్ వర్గం ఎదురు తిరిగింది. 2012లో జీనోమ్ ఆధారాలతో చూస్తే అవి పెంకుపురుగుల దగ్గరి చుట్టాలుగా తేలాయి. ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. 1997, 98ల్లో ఇరువర్గాల వ్యాసాలూ ‘సిస్టమాటిక్ బయాలజీ’ అనే ఒకే పత్రికలో అచ్చయ్యాయి. చదివేవాళ్లు రెండూ పక్కపక్కన పెట్టుకుని చూసుకున్నారు.

కొత్తమొలక:
ఆచరణలో ఏమవుతుందో నేను చెప్తా. కొత్తగా పరిశోధనలోకి వచ్చినవాళ్లకు పేజీలకొద్దీ తత్వం రాసే ఓపిక ఉండదు. ఆ టెన్షన్ ఎందుకని వేరే పత్రికకు పంపేస్తారు. దాంతో ఆ పత్రికలో ఎదురు గొంతే వినబడదు.

పాతకాపు:
స్ట్రెప్సిప్టెరా విషయంలో ఒప్పుకుంటాను. కానీ మోడల్ వాడేవాళ్లలో ఎంతమంది ఆ మోడలే ఎందుకో రాస్తున్నారు? సాఫ్ట్‌వేర్ ఏది ఎంచితే అది వాడేస్తున్నారు. "ఎందుకు?" అని అడిగే పత్రిక ఒక్కటైనా ఉండనివ్వండి.

లెక్కలమాస్టారు:
భేషుగ్గా అడగమనండి. కాకపోతే పార్సిమొనీ వాడినవాళ్లనూ అదే ప్రశ్న అడగాలి.