పాత రాలీ సైకిలు కొనబోతున్నాను: ఏం చూసుకోవాలి, ఏం మార్చకూడదు?

కాలువగట్టు (తెనాలి) అడుగుతున్నారు:

అందరికీ నమస్కారం. మా వీధిలో ఈమధ్య కాలం చేసిన ఒక ఉపాధ్యాయుల వారి ఇంట్లో, వడ్ల బస్తాల గదిలో గోడకు ఆనించి, దాదాపు ముప్పై ఏళ్ళుగా ఎవరూ ఎక్కని నల్ల రాలీ సైకిలు ఒకటి ఉంది. పాత ఇల్లు తీసి కొత్తది కట్టుకుంటున్న వారి అబ్బాయిలు, దాన్ని పాత ఇనుముకు వేయడానికి మనసొప్పక, 7,000 రూపాయలిచ్చి తీసుకెళ్ళమని నాతో అన్నారు. మా నాన్నగారు ఇలాంటి సైకిలు మీదే, ముందు కడ్డీకి తువ్వాలు చుట్టి నన్ను కూర్చోబెట్టుకుని, కొల్లిపరలోని మా అమ్మమ్మగారింటికి తీసుకెళ్ళేవారు. కనుక దీన్ని అలంకారంగా గోడకు తగిలించాలని కాదు, మళ్ళీ రోజూ తొక్కాలని నా కోరిక.

నేను చూసినంతవరకు సంగతి ఇది. ముందు గొట్టానికి కొంగ బొమ్మ ఉన్న బిళ్ళ ఉంది. కడ్డీ బ్రేకులు, 28 అంగుళాల చక్రాలు. టైర్లు బీటలు వారి, చేత్తో నలిపితే పొడి రాలుతోంది. హ్యాండిలుకు కుడివైపు ఒక చిన్న మీట ఉంది గాని దాని తీగ తెగిపోయింది. వెనక హబ్ (చక్రం నడిమి డొలక) మామూలు సైకిలు హబ్ కన్నా బాగా లావుగా ఉంది. దాని ఇరుసు కుడి కొస నుంచి జేబు గడియారం గొలుసంత సన్నని గొలుసు ఒకటి వేలాడుతోంది. పెడలు తిప్పితే ప్రతి చుట్టుకూ ఒకసారి టక్కుమని కదలిక కాలికి తగులుతోంది. సీటు కడ్డీ ఎంత తిప్పినా కదలడం లేదు.

మా మెకానిక్ గారు పూర్తి ఓవరాయిలింగ్ అన్నారు. కొత్త బి.బి. కప్పులు (ఫ్రేము అడుగున పెడళ్ళ ఇరుసు తిరిగే కప్పులు), అక్కడే కొత్త ఇరుసు, మామూలు ఫ్రీవీలు ఉన్న వెనక చక్రం, ఆపైన కొత్త నల్ల రంగు, అన్నీ కలిపి 5,000 అవుతుందట. డబ్బు ఇచ్చే ముందు ఏం చూసుకోవాలి? ఆయన చెప్పినవన్నీ చేయించాలా?

బందరు చక్రం సమాధానం:

కాలువగట్టు గారూ, రంగు, తుప్పు, టైర్లు ఇవేవీ ముందు చూడకండి. ఫ్రేము వంకర పోయిందా లేదా అన్నదే మొదటి ప్రశ్న. సైకిలును వెలుతురులోకి తెచ్చి, ముందు గొట్టానికి కింది గొట్టం కలిసేచోట, అతుకు దాటిన రెండు మూడు అంగుళాల మేర అడుగువైపు వేలితో నిమరండి. ఎప్పుడైనా ఎదురుగా దేన్నయినా గట్టిగా గుద్దుకుని ఉంటే అక్కడ చిన్న బుడిపెగానో ముడతగానో తగులుతుంది. ముడత ఉంటే మర్యాదగా నమస్కారం పెట్టి వచ్చేయండి. తరవాత ఒక పురికొస తీసుకుని, వెనక ఇరుసు కూర్చునే చోట ఒక కొస కట్టి, ముందు గొట్టం చుట్టూ తిప్పి, రెండో వైపు అదే చోటికి తెచ్చి బిగించండి. ఆ దారానికీ సీటు గొట్టానికీ మధ్య దూరం రెండు వైపులా ఒకటే ఉండాలి. రెండు మూడు మిల్లీమీటర్ల తేడా ఉంటే బెంగ లేదు.

ఇక అది నిజంగా ఇంగ్లండులోని నాటింగ్‌హామ్‌లో తయారైనదా, మన ఆసన్‌సోల్‌లోని సేన్-రాలీ వారిదా అన్నది బిళ్ళ మీది అక్షరాలు తుడిచి చదివితే తేలుతుంది. రెండూ మంచివే, ఆసన్‌సోల్‌దని చిన్నచూపు అక్కర్లేదు. అయితే నాటింగ్‌హామ్‌దైతే బి.బి. కప్పుల జోలికి ఎవరినీ వెళ్ళనివ్వకండి. ఆ కాలపు రాలీ కప్పులకు అంగుళానికి 26 మరలు ఉంటాయి, మామూలు బ్రిటిష్ కొలతకు 24. చేతికి దొరికిన కొత్త కప్పును పెద్ద స్పానరుతో బలవంతాన ఎక్కిస్తే, గొట్టం లోపలి మర చెడిపోతుంది, ఆ తరవాత ఏ కప్పూ సరిగా పట్టదు. ఒక మిత్రుని సైకిలుకు ఇలాగే జరిగితే, చివరికి కప్పును వెల్డింగు చేయించుకోవలసి వచ్చింది, ఇక ఆ కప్పు విప్పే వీలే లేదు. అరవై ఏళ్ళు తిరిగిన పాత కప్పును కిరసనాయిలుతో కడిగి, లోపలి దారి నున్నగా మెరుస్తుంటే, గుంటలు లేకపోతే, అదే వాడండి. మార్చవలసింది కప్పులో తిరిగే ఇనుప గుళ్ళు (బాల్ బేరింగులు) మాత్రమే: పావు అంగుళానివి, వైపుకు 11. కుడివైపు కప్పుకు ఎడమ మర ఉంటుంది గనుక, ఎప్పటిలాగే తిప్పితే అది విడిపోవడానికి బదులు ఇంకా బిగుస్తుంది.

మీరు చెప్పిన టక్కుమనే కదలిక, నా అనుభవంలో నూటికి తొంభై సార్లు కాటర్ పిన్నుదే. పెడలు క్రాంకును (పెడలు బిగించే కడ్డీని) ఇరుసుకు పట్టి ఉంచే ఆ చిన్న మేకు అరిగితే, కాలు కిందికి నొక్కినప్పుడల్లా క్రాంకు ఒక వెంట్రుకవాసి జారుతుంది. దానికోసం ఇరుసు మార్చనక్కర్లేదు. పిన్ను తీసేటప్పుడు మాత్రం ఓపిక కావాలి. నట్టును విప్పి పూర్తిగా తీసేయకుండా, మర కొసతో సమానంగా ఉంచి, క్రాంకు కింద మందపాటి ఇనుప గొట్టం ఒకటి నిలబెట్టి దాని మీద ఆనించాకే సుత్తితో ఒకే గట్టి దెబ్బ వేయాలి. అడుగున ఆధారం లేకుండా కొట్టే ప్రతి దెబ్బా నేరుగా గుళ్ళ మీదికి, కప్పుల మీదికి పోతుంది. కొత్త పిన్ను రాలీకి 9.5 మిల్లీమీటర్లది అడగండి, 9 మిల్లీమీటర్లది వదులుగా ఉంటుంది. దాని చదును వైపు ఆకురాయితో కొద్దికొద్దిగా రాస్తూ, మర కొస అవతలికి నట్టు పట్టేంత మాత్రమే వచ్చేలా చూసుకోవాలి. రెండు పిన్నులూ ఒకేలా రాయాలి, ఒకటి ముందు నుంచి దూరితే రెండోది వెనక నుంచి దూరాలి. అలా కాకపోతే రెండు పెడళ్ళూ ఒక గీత మీద ఉండవు. యాభై కిలోమీటర్లు తొక్కాక ఆ నట్లను మరోసారి బిగించండి.

టైర్ల గురించి రెండు మాటలు చాలు. 28 x 1½ టైరు మన ఊళ్ళలో ఏ సైకిలు దుకాణంలోనైనా దొరుకుతుంది. టైరు పక్కన 635 (రిమ్ము కొలత, మిల్లీమీటర్లలో) అని ఉంటే మీ రిమ్ముకు అదే సరైనది. 28 అని రాసి ఉన్నా 622 అన్న అంకె కనిపిస్తే అది వేరే రిమ్ముది, తీసుకోకండి.

లెంటన్ దారి (నాటింగ్‌హామ్) సమాధానం:

నేను నాటింగ్‌హామ్‌లో చదువుకుంటున్నాను. రాలీ కర్మాగారం ఉండిన నేలలో కొంత భాగం మీదే 1999లో ఇక్కడి విశ్వవిద్యాలయం జూబిలీ క్యాంపస్ వెలసింది; రోజూ తరగతులకు ఆ నేల మీదే నడుస్తాను. ఇక్కడికి వచ్చాక నేనూ ఒక పాత రాలీ కొని, దాని వెనక హబ్ రెండుసార్లు విప్పి కట్టుకున్నాను. అందుకే మీ ప్రశ్నలో లావు హబ్, సన్న గొలుసు అన్న మాటలు చూడగానే, ఆ చక్రం తీసేయించకండి అని చెప్పడానికి రాస్తున్నాను. అది స్టర్మీ-ఆర్చర్ కంపెనీవారి మూడు గేర్ల హబ్. ఆ సైకిలు మొత్తంలో అంత విలువైన భాగం మరొకటి లేదు.

దాని పనితీరు తెలిస్తే భయం పోతుంది. లోపల ఇరుసుకే కదలకుండా ఉన్న 20 పళ్ళ చక్రం ఒకటి, దాని చుట్టూ తిరిగే 20 పళ్ళ బుల్లి చక్రాలు నాలుగు, వాటిని చుట్టుకుని లోపలివైపు 60 పళ్ళున్న ఉంగరం ఒకటి ఉంటాయి. నడిమి గేరులో చైను తిప్పినంతే వెనక చక్రం తిరుగుతుంది, బరువు గేరులో దానికన్నా మూడోవంతు ఎక్కువ, తేలిక గేరులో నాలుగోవంతు తక్కువ. తీగ లాగని స్థితిలో హబ్ బరువు గేరులోనే ఉండిపోతుంది. కనుక ఇప్పుడు తొక్కి చూసి "అబ్బ, ఎంత బరువు" అనిపిస్తే, అది తెగిన తీగ వల్లే తప్ప హబ్ చెడిపోయిందని కాదు.

హబ్ పైన తుప్పు మెల్లగా తుడిస్తే ఏ.డబ్ల్యూ. అన్న అక్షరాలు, వాటి దగ్గర రెండంకెల సంఖ్య కనబడాలి. ఆ సంఖ్య హబ్ తయారైన సంవత్సరం. చక్రం మధ్యలో మార్చి ఉండకపోతే సైకిలు వయసూ ఇంచుమించు అదే. వెనక 40 పుల్లలు (స్పోకులు), ముందు 32 ఉంటే అసలు చక్రాలే అనుకోవచ్చు, బ్రిటిష్ వారి పాత లెక్క అది.

విప్పే ముందు, హబ్ మీద చిన్న మూత ఉన్న నూనె రంధ్రంలో కొద్దిగా కిరసనాయిలు పోసి, చక్రాన్ని తిప్పి, పక్కకు వంచి వదిలేయండి. మర్నాడు అది కారిపోయాక పలచటి ఇంజను నూనె ఒక చెంచాడు పోయండి. కొబ్బరినూనె మాత్రం వద్దు. ఏళ్ళు గడిచేకొద్దీ బంకలా గడ్డకట్టి, లోపల స్ప్రింగు మీద లేచి పట్టుకోవలసిన చిన్న ఇనుప ముక్కలను లేవనివ్వదు. అప్పుడు పెడలు వట్టినే తిరుగుతుంది. నాకు దొరికిన హబ్‌లో సరిగ్గా ఇదే జరిగింది, కడిగి నూనె పోసిన రెండో రోజుకే టిక్ టిక్ శబ్దం తిరిగి వచ్చింది.

తీగ బిగింపు మాత్రం తప్పకూడదు. నడిమి గేరుకూ బరువు గేరుకూ మధ్య ఏ గేరూ పట్టని ఒక ఖాళీ చోటు ఉంది. తీగ వదులైతే హబ్ అక్కడికి జారి, మీరు లేచి నిలబడి తొక్కుతుండగా పెడలు ఒక్కసారిగా కిందికి పడిపోతుంది. దానితో పడి దెబ్బలు తిన్నవారున్నారు. మీటను నడిమి గేరులో ఉంచి, కుడివైపు పొడవాటి నట్టుకున్న కంతలోంచి చూడండి. గొలుసు తగిలి ఉన్న సన్న కడ్డీ భుజం ఇరుసు కొసతో సమానంగా కనిపించాలి. స్టర్మీ-ఆర్చర్‌ను 2000లో తైవాన్‌కు చెందిన సన్‌రేస్ కొనుక్కుంది, మూడు గేర్ల హబ్‌లు ఇప్పటికీ తయారవుతున్నాయి. తీగ, మీట, ఆ సన్న గొలుసు కొత్తవి తెప్పించుకోవచ్చు. గొలుసు ఇరుసు పొడవును బట్టి మారుతుంది గనుక ముందు ఇరుసు కొలవండి.

ఉప్పాడ గాలి సమాధానం:

పై ఇద్దరి మాటలతో ఏకీభవిస్తూనే, రంగు విషయంలో మాత్రం మెకానిక్ గారి పక్షాన ఒక మాట చెబుతాను. మాది సముద్రం ఒడ్డు. పాత రంగును అలాగే ఉంచాలన్న పట్టుదలతో నేను వదిలేసిన ఒక హంబర్ సైకిలుకు, మూడు వానాకాలాలు తిరిగేసరికి వెనక గొట్టాల అడుగున రంధ్రాలు పడ్డాయి. జ్ఞాపకం కోసం ఫ్రేమునే పోగొట్టుకోవడం ఏం లాభం?

బందరు చక్రం సమాధానం:

మీ బాధ న్యాయమైనదే, మాదీ ఉప్పుగాలి ఊరే. కాని తెనాలిలో ముప్పై ఏళ్ళు పొడి గదిలో ఉన్న సైకిలుకు పైపై తుప్పే ఎక్కువగా ఉంటుంది. ముందు సబ్బునీళ్ళతో కడిగి, మెత్తటి గుడ్డకు నూనె అద్ది రుద్దితే, మసి కింద బంగారు గీతలు బయటపడవచ్చు. ఆ గీతలు మళ్ళీ అదే చేత్తో గీయగలిగినవారు ఇప్పుడు మన ఊళ్ళలో అరుదు. మెరుపు పూత ఉన్న రిమ్ములు, హ్యాండిలు తడిపిన అల్యూమినియం రేకుతో రుద్దితే చాలు. నిజంగా రంగు పోయి ఇనుము బయటపడిన చోట మాత్రం శుభ్రం చేసి, సన్న కుంచెతో నల్ల ఎనామిల్ అద్దండి. గొట్టాల లోపలికి సీటు కంత నుంచి కొద్దిగా నూనె పోసి, సైకిలును అటూ ఇటూ వంచి తిప్పితే ఉప్పాడ గారు చెప్పిన ప్రమాదం చాలావరకు తప్పుతుంది.

కాలువగట్టు (తెనాలి) మళ్ళీ రాస్తున్నారు:

అందరికీ కృతజ్ఞతలు. ముడత లేదు, పురికొస కొలత రెండు వైపులా ఒకటే వచ్చింది. 6,500కు తెచ్చుకున్నాను. హబ్ మీద 57 అని ఉంది, పుల్లలు 40, 32 లెక్కకు సరిపోయాయి.

సీటు కడ్డీ చుట్టూ ఐదు రోజులు నూనె పోస్తూ వచ్చాక కదిలింది. బయటికి తీస్తే, లోపలి భాగం కొత్తదానిలా మెరుస్తూ, మాస్టారు గారు పెట్టుకున్న ఎత్తు దగ్గర కత్తితో గీసినట్టు గీత ఒకటి ఉంది. నాకు దానికన్నా రెండు అంగుళాలు పైకి కావాలి. కప్పుల దారి నున్నగానే ఉంది, గుళ్ళు మాత్రం మార్చాను. కాటర్ పిన్ను ఒకటి నా చేతి తొందరకు ఎక్కువ అరిగిపోయింది, రెండోదానికి ఒక సాయంత్రమంతా పట్టింది. మెకానిక్ గారు మొదట ఒప్పుకోకపోయినా, గొట్టం ఆనించి కొట్టే పద్ధతి చూసి ఆయనే పట్టుకుని సాయం చేశారు. చక్రాల వంకర కూడా ఆయనే తీశారు.

తీగ ఇంకా రాలేదు. అప్పటిదాకా బరువు గేరులోనే వీధి చివరి వరకు తొక్కుతున్నాను. ముందు బ్రేకు రబ్బర్లు రిమ్ము లోపలి అంచుకు ఒకవైపే తగులుతున్నాయి, కడ్డీ క్లిప్పులు సరిచేసి రెండు వైపులా తగిలేలా చేశాకే కాలువ వంతెన దాటతాను.