ఆరుబయట సంగీతోత్సవానికి వచ్చే దివ్యాంగులకు, బధిరులకు ఎలాంటి ఏర్పాట్లు చేయాలి?

ప్రశ్న (నిర్వాహక బృంద సభ్యురాలు):

అందరికీ నమస్కారం. ఆరుబయట మైదానంలో మూడు రోజులు జరిగే ఒక సంగీతోత్సవంలో ప్రేక్షకుల ఏర్పాట్లు చూసే బాధ్యత ఈసారి నాకు అప్పగించారు. రెండు వేదికలు ఉంటాయి, నేలంతా గడ్డి, రాత్రి బసకు పక్కనే గుడారాలు వేస్తాం. వేదికకు ఎదురుగా ఒక ఎత్తైన అరుగు కట్టి దానికి ర్యాంపు పెడితే సరిపోతుందని మా బృందంలో కొందరు అంటున్నారు. బధిరులు సంగీతం కోసం ఎందుకు వస్తారన్న మాట కూడా ఒక సమావేశంలో వచ్చింది. ఆ మాట నాకు బాధ కలిగించింది, కానీ వారి కోసం ఏమేం చేయాలో వివరించేంత అవగాహన నాకు లేదు. టికెట్ల అమ్మకం ఇంకా మొదలుకాలేదు కాబట్టి మార్పులకు సమయం ఉంది. ఇలాంటి ఉత్సవాలకు వెళ్లినవారు, వాటిలో పనిచేసినవారు దేనితో మొదలుపెట్టాలో చెప్పగలరా?

సమాధానం (వీల్‌చైర్ వాడే ప్రేక్షకుడు):

అరుగు తప్పకుండా కావాలండి. ముందున్నవారంతా లేచి నిలబడితే కూర్చున్న మనిషికి వాళ్ల వీపులు తప్ప ఏమీ కనిపించవు. అందుకే నిలబడ్డవారి తలల మీదుగా వేదిక కనిపించేలా అరుగు ఎత్తును నిర్ణయించాలి, అది రెండు వేదికల దగ్గరా ఉండాలి. అయితే మీరు మొదలుపెట్టవలసింది అరుగుతో కాదు, దాని దగ్గరికి వెళ్లే దారితో. వాహనం దిగిన చోటి నుంచి గేటుకు, అక్కడి నుంచి అరుగుకు, అరుగు నుంచి మరుగుదొడ్డికి, మంచినీళ్లకు, గుడారానికి వెళ్లే దారిలో ఒక్కచోట తెగినా మిగిలిన ఖర్చంతా వృథా అవుతుంది.

గడ్డి నేల పొడిగా ఉన్నప్పుడు చూసి బాగుందనుకోకండి. ఒక్క వాన పడి వేలమంది తొక్కాక వీల్‌చైర్ ముందుండే చిన్న చక్రాలు మెత్తటి నేలలో దిగబడిపోతాయి, వెనక నుంచి ఎంత బలంగా నెడితే అంత లోతుకు పోతాయి. చివరికి కుర్చీని వెనక్కి తిప్పి, ముందు చక్రాలను గాల్లోకి లేపి, పెద్ద చక్రాల మీద ఎవరో ఒకరు లాక్కెళ్లవలసి వస్తుంది. తాత్కాలికంగా పరిచే గట్టి పలకలు అద్దెకు దొరుకుతాయి. మైదానమంతా పరచలేకపోయినా ఈ ముఖ్యమైన దారుల్లో పరిచితే చాలు. విద్యుత్ తీగల మీద వేసే ఎత్తైన రబ్బరు దిమ్మెలు ఆ దారికి అడ్డంగా రాకుండా తీగల మార్గాన్ని ముందే గీయించండి, ఎందుకంటే నడిచేవారు గమనించకుండానే దాటిపోయే ఆ దిమ్మె దగ్గర నా కుర్చీ పూర్తిగా ఆగిపోతుంది.

ర్యాంపు వాలు 1:12 కంటే ఏటవాలుగా ఉండకూడదు, అంటే అరుగు ఒక మీటరు ఎత్తుంటే ర్యాంపు కనీసం 12 మీటర్ల పొడవుండాలి, మధ్యలో ఆగడానికి చదునైన చోటు, రెండు పక్కలా పట్టుకోవడానికి కమ్మీలు ఉండాలి. అరుగుకు ఒక మరుగుదొడ్డి దగ్గరలోనే కావాలి, లోపల కుర్చీ తిప్పుకోవడానికి సుమారు 1.5 మీటర్ల ఖాళీ వదలాలి. బ్యాటరీతో నడిచే కుర్చీలకు గుడారాల వద్ద ఛార్జింగ్, ఇన్సులిన్ వంటి మందులకు ఫ్రిజ్ ఉంటేనే మూడు రోజులూ ఉండగలం. సహాయకుల మీద ఆధారపడేవారికి వారితో వచ్చే ఒకరికి ఉచిత టికెట్ ఇవ్వండి, లేకపోతే ఒకే ప్రదర్శనకు వాళ్లు రెట్టింపు చెల్లించినట్టవుతుంది.

సమాధానం (బధిర ప్రేక్షకురాలు):

మీ సమావేశంలో వచ్చిన ఆ మాటకు జవాబు చెప్పాలనిపించింది. స్కాట్లండ్‌కు చెందిన ఎవెలిన్ గ్లెన్నీ పన్నెండేళ్ల వయసుకే దాదాపుగా వినికిడి కోల్పోయి కూడా ప్రపంచ ప్రసిద్ధ వాద్యకారిణి అయ్యారు. ప్రకంపనలు ఒంటికి తెలియడానికి ఆవిడ తరచుగా చెప్పులు లేకుండా వాయిస్తారు. ప్రేక్షకులుగా మా అనుభవమూ అలాంటిదే. లోతైన డోలు దెబ్బ చెక్క అరుగు గుండా పాదాలకు, స్పీకరు దగ్గర నిలబడితే ఛాతీకి అందుతుంది. అరుగులో కొంత భాగాన్ని చెక్కతో వేయడం, ప్రకంపనలను శరీరానికి చేరవేసే జాకెట్లు కొన్ని ఉంచడం మాకు ఎంతో విలువైన విషయాలు.

అయితే బధిరులందరికీ ఒకే ఏర్పాటు పనికిరాదు. వినికిడి యంత్రం వాడేవారికి, అందులో టెలికాయిల్ (అయస్కాంత సంకేతాన్ని అందుకునే చిన్న తీగచుట్ట) ఉంటే, అరుగు చుట్టూ ఇండక్షన్ లూప్ (మైకు శబ్దాన్ని ఆ సంకేతంగా పంపే తీగ) వేస్తే జనం హోరు తగ్గి మైకు నుంచి వచ్చే శబ్దం నేరుగా చేరుతుంది. నాలాంటి సంజ్ఞా భాష వాడేవారికి అనువాదకులు కావాలి. పెద్దయ్యాక వినికిడి తగ్గినవారిలో చాలామందికి సంజ్ఞా భాష రాదు, వారికి తెర మీద క్యాప్షన్లు కావాలి. ఒకదానిని పెట్టి మిగిలినవాటిని పెట్టినట్టు చెప్పుకోవడం న్యాయం కాదు.

ఒక మనవి. కొన్నిచోట్ల నిర్వాహకులు అనువాదకులను వీల్‌చైర్ అరుగు పక్కన దూరంగా నిలబెట్టి, మమ్మల్ని కూడా అక్కడే ఉండమంటారు. మేము ముందువరుసలో ఉండాలి, ఒకే చూపులో అనువాదకులూ కళాకారులూ కనిపించాలి.

సమాధానం (సంజ్ఞా భాషా అనువాదకురాలు):

పై సభ్యురాలు చెప్పినదానికి నేను పూర్తిగా ఏకీభవిస్తున్నాను. దానికి కొంత చేరుస్తాను. పాటను సంజ్ఞల్లోకి తేవడమంటే అర్థంతో పాటు లయనూ భావాన్నీ చేతుల్లో, ముఖంలో పలికించడం. అందుకు పాటల వరుస, సాహిత్యం కొన్ని వారాల ముందే మా చేతికి రావాలి. కళాకారులతో ఒప్పందం కుదుర్చుకునేటప్పుడే దీనిని షరతుగా రాసుకోండి. ఒక్కరే గంటసేపు అనువదిస్తే నాణ్యత నిలవదు కాబట్టి ఇద్దరిని నియమించి, సుమారు 20 నుంచి 30 నిమిషాలకు ఒకసారి మారేలా చూడండి. చీకటి పడ్డాక మా చేతుల మీద విడిగా ఒక దీపం ఉండాలి, వేదిక దీపాలు ఆర్పినప్పుడు అది ఆరిపోకూడదు. పిడుగు హెచ్చరికైనా, ఖాళీ చేయమన్న ప్రకటనైనా మైకులో మాత్రమే చెబితే బధిర ప్రేక్షకులు చివరివరకూ తెలియకుండా నిలబడిపోతారు. అందుకే అదే ప్రకటన ఆ క్షణంలోనే పెద్ద తెర మీద అక్షరాల్లో రావాలి.

ప్రశ్న అడిగిన సభ్యురాలు:

అందరికీ కృతజ్ఞతలు. దారుల పటాన్ని రేపే మళ్లీ గీయిస్తాను. ఇంకొక సందేహం: ఈ సదుపాయాలు కోరేవారి నుంచి వైద్య ధ్రువపత్రం అడగాలా?

సమాధానం (ఉత్సవాల నిర్వహణలో పనిచేసిన సభ్యుడు):

మీ అవసరం ఏమిటి అని అడగండి, మీ జబ్బు ఏమిటి అని అడగవద్దు. ఉచిత సహాయక టికెట్ వంటి పరిమిత సదుపాయానికి ఏదైనా ఒక ఆధారం కోరవచ్చు గానీ, అరుగుకు వెళ్లే దారి, క్యాప్షన్లు అందరికీ తెరిచే ఉండాలి. ఐక్యరాజ్యసమితి 2006లో ఆమోదించిన వికలాంగుల హక్కుల ఒడంబడిక 30వ అధికరణం సాంస్కృతిక జీవితంలో ఇతరులతో సమానంగా పాల్గొనే హక్కును గుర్తిస్తుంది, అందులోనే సంజ్ఞా భాషలకూ బధిర సంస్కృతికీ ప్రత్యేకంగా చోటిచ్చింది. మీ సమావేశంలో దీనిని ప్రస్తావించవచ్చు.

టికెట్లు అమ్మే రోజుకే వెబ్‌సైటులో ఒక పేజీ పెట్టండి. గేటు నుంచి అరుగు ఎన్ని మీటర్లు, ఏ ప్రదర్శనలకు అనువాదకులు ఉంటారు, మూర్ఛ వ్యాధి ఉన్నవారికి ప్రమాదం కలిగించగల, సెకనుకు మూడుసార్ల కంటే వేగంగా మెరిసే దీపాలు ఎప్పుడు వాడతారు, శబ్దం భరించలేనివారు కాసేపు కూర్చోవడానికి నిశ్శబ్ద గుడారం ఎక్కడుంది అన్నవి అందులో ఉండాలి. చేయలేకపోయిన ఏర్పాటును కూడా దాచకుండా రాయండి, వెళ్లాలా వద్దా అన్నది ప్రేక్షకులే ఇంటి దగ్గర నిర్ణయించుకోగలుగుతారు. సంప్రదించడానికి ఫోను నంబరు ఒక్కటే ఇవ్వకండి, బధిరులు సందేశం పంపే వీలుండాలి. ఉత్సవానికి ముందురోజు వీల్‌చైర్ వాడేవారిని, బధిరులను పారితోషికమిచ్చి పిలిపించి, పటంలోని ప్రతి దారిలోనూ తిరిగి చూడమనండి, దొరికిన లోపాలను సరిదిద్దడానికి పనివారిని ఆ సాయంత్రం వరకూ అక్కడే ఉంచండి.