నెంబర్ వన్ వచ్చాక కాస్త చల్లబడితే తప్పా?

కృష్ణలంక_కుర్రోడు:
బందర్రోడ్డులో బైక్ షోరూమ్‌లో సేల్స్ చేస్తానండి. పోయిన దసరాకి బ్రాంచ్ మొత్తంలో ఎక్కువ బళ్ళు అమ్మింది నేనే, శాలువా కప్పారు, ఇన్సెంటివ్ బానే వచ్చింది. అప్పట్నుంచి ఏంటో చెయ్యబుద్ధి కావట్లేదు, కస్టమర్ లోపలికొచ్చినా చూద్దాంలే అనిపిస్తంది. మేనేజరేమో నీకు తలకెక్కింది అంటాడు. గెలిచినోడు ఊపిరి తీసుకుంటే అది పొగరా?

ఆటోనగర్_షెడ్డు:
తమ్ముడూ మా నాన్నది లారీ బాడీలు కట్టే షెడ్డు. ఒకప్పుడు ఛాసిస్‌లు వరసకట్టి ఉండేవి, ఓనర్లు పొద్దున్నే ఇంటికొచ్చి కూర్చునేవాళ్ళు, ఆయన చెక్కపనికి అంత పేరు మరి. పక్కోడు ఐరన్ టిప్పర్ బాడీలు మొదలెడితే "రేకుపని, మనం చేసేది కాదు" అని నవ్వాడు. కేబిన్లు కంపెనీ నుంచే వస్తున్నా నవ్వుతూనే ఉన్నాడు. ఒక్కరోజులో ఏం పోలేదు, వరసలో ఒక్కో బండీ తగ్గింది, లెక్కపెట్టినోడు లేడు.

యార్డ్_గుమాస్తా:
ఊరికే భయపెట్టకండి అన్నా. గుంటూరు మిర్చి యార్డుకే ఎండాకాలం నెల అటూఇటూగా సెలవులిస్తారు. సీజన్లో తేజా, 334 రకాల మిర్చి టిక్కీలు (బస్తాలు) కొండల్లా వచ్చి పడతయ్, కాటా దగ్గర్నుంచి చీటీ దాకా నిద్రుండదు, ఘాటుకి తుమ్ములే తుమ్ములు. ఆ సెలవే లేకపోతే మేమెవరం మళ్ళీ సీజన్‌కి పనికిరాం. కుర్రోడు అలిసిపోయాడు, అంతే.

పటమట_పిల్ల:
గుమాస్తా గారితో నేను కూడా. మన కోనేరు హంపి గారు 2002లో 15 ఏళ్ళకే చెస్ గ్రాండ్‌మాస్టర్ అయ్యారు, పాప పుట్టినప్పుడు ఆట ఆపారు, తిరిగొచ్చి 2019లో ర్యాపిడ్ వరల్డ్ ఛాంపియన్, 2024లో మళ్ళీ. ఆగితే అయిపోయినట్టేనా?

ఆటోనగర్_షెడ్డు:
అమ్మా, ఆవిడ ఆపినప్పుడు ఆపారు, ఆడినప్పుడు ఆడారు. యార్డుకి కూడా సెలవంటే గేటు మూసేస్తారు. మావోడు గేటు తెరిచిపెట్టి కుర్చీలో కునుకు తీస్తున్నాడు, దాన్ని రెస్ట్ అంటే ఎట్టా? మా నాన్న కూడా రోజూ షెడ్డుకి పోయేవాడే, ఒక్కరోజు మానలా.

యార్డ్_గుమాస్తా:
అది కరెక్టే అనుకోండి. కానీ సేల్స్‌లో లీవ్ ఎవడిస్తాడు? టార్గెట్ కొట్టినోడికి పై నెల ఇంకా పెద్ద టార్గెట్ ఇస్తారు, దాన్నే బహుమానం అంటారు 😂 మేనేజర్‌ని కూడా అడగాల్సిందే.

కృష్ణలంక_కుర్రోడు:
అన్నా మీ మెసేజ్ చూసి ఇందాక ఎంక్వైరీ బుక్ తీశా. సంక్రాంతి తర్వాత రాసుకున్న పేర్లకి సగానికి పైగా ఫోనే చెయ్యలా. ఒకాయన పాప కాలేజీకి స్కూటీ కావాలని రెండుసార్లు వచ్చాడు, ఇప్పుడు చేస్తే పక్క షోరూమ్‌లో తీసుకున్నాం బాబూ అన్నాడు. సిగ్గేసింది. అయినా నాలుగురోజులు లీవ్ మాత్రం అడుగుతా, అలిసింది కూడా నిజమేగా.

యార్డ్_గుమాస్తా:
అడుగు. మీ మేనేజర్ ఏమన్నాడో ఇక్కడే చెప్పు.