వేడెక్కాక ఒక్కోసారి సెల్ఫ్ తీసుకోవట్లేదు: 2011 పెట్రోల్ బండి, 1,92,000 కిలోమీటర్లు

వేళచ్చేరి_వాసి:
అందరికీ నమస్కారం. బండి 1.2 లీటర్ పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్, మాన్యువల్ గేర్. 2017లో చెన్నైలోనే సెకండ్ హ్యాండ్‌లో కొన్నది. పొద్దున పూట ఏ ఇబ్బందీ లేదు, తాళం తిప్పగానే అందుకుంటుంది. ఓఎమ్‌ఆర్ రోడ్డు ట్రాఫిక్‌లో అరగంట నడిపి, ఆపి, పది ఇరవై నిమిషాల్లో మళ్లీ తిప్పితే మాత్రం వారానికి రెండు మూడుసార్లు మొరాయిస్తోంది. ఒకసారి "టక్" అని ఊరుకుంటుంది. ఒకసారి ఆ చప్పుడు కూడా ఉండదు. ఇంకోసారి సెల్ఫ్ గిర్రున తిరుగుతుంది కానీ ఇంజిన్ అందుకోదు. అరగంట ఆగితే ఏమీ ఎరగనట్టు స్టార్ట్ అవుతుంది.

బ్యాటరీ మార్చి నాలుగు నెలలైంది. సెల్ఫ్ మోటార్‌కి కార్బన్ బ్రష్‌లు, బుష్‌లు వేయించాను. స్పార్క్ ప్లగ్‌లు కొత్తవి. ఇప్పుడు మెకానిక్ ఈసీఎమ్ (ఇంజిన్‌ని నడిపించే కంప్యూటర్) పోయింది, మార్చాలి అంటున్నాడు. అంత ఖర్చు పెట్టే ముందు ఏమేం చూడాలి?

గ్రీజు_చేతులు:
బ్యాటరీ టెర్మినల్స్ విప్పి, గరుకు కాగితంతో రుద్ది, బిగించి వాసెలిన్ రాయండి. సముద్రపు గాలికి చిలుము పట్టడం ఇక్కడ మామూలే. నూటికి తొంభై ఇదే అయ్యుంటుంది.

టెస్ట్_ల్యాంప్:
టెర్మినల్స్ శుభ్రం చేయడం మంచిదే. కానీ టెర్మినల్ లూజైతే పొద్దున కూడా సతాయించాలి కదా.

వేళచ్చేరి గారూ, మీరు చెప్పినవాటిలో రెండు వేరు వేరు జబ్బులు కలిసిపోయాయి. "టక్" అనడం, అసలు చప్పుడే లేకపోవడం సెల్ఫ్ వైపు లోపం. సెల్ఫ్ బాగా తిరిగి ఇంజిన్ అందుకోకపోవడం స్పార్క్, పెట్రోల్, సెన్సార్ల వైపు లోపం. రెండింటికీ ఒకే మందు వెతికితే ఇలాగే ఒక్కో పార్టూ మారుస్తూ పోతారు. ఈసీఎమ్ సంగతి అన్నిటికన్నా చివర. సెల్ఫ్ తిరగకపోవడానికైతే చాలా పాత బండ్లలో ఈసీఎమ్‌కి సంబంధమే ఉండదు.

వచ్చిపోయే లోపాన్ని అది ఉన్నప్పుడే పట్టుకోవాలి. గ్యారేజీకి చేరేసరికి బండి చల్లబడుతుంది, అన్నీ బాగానే ఉంటాయి. అందుకని ముందే ఉచ్చు వేసి పెట్టుకోండి. సెల్ఫ్ మోటార్ సాలినాయిడ్ (మోటార్‌కి కరెంటు కలిపే విద్యుదయస్కాంత స్విచ్) మీద మూడు చోట్ల కనెక్షన్లుంటాయి: బ్యాటరీ నుంచి వచ్చే లావు కేబుల్, మోటార్ లోపలికి పోయే తీగ, స్పేడ్ పిన్‌కి తగిలించిన సన్న వైరు. ఆ సన్న వైరుదే 50 నంబర్ టెర్మినల్. తాళం తిప్పినప్పుడు కరెంటు వచ్చేది దాని మీదికే. దానికి ఇంకో సన్న వైరు జోడించి, మొదట్లోనే ఒక ఆంపియర్ ఫ్యూజ్ పెట్టి, సైలెన్సర్ గొట్టానికి తగలకుండా క్యాబిన్‌లోకి లాక్కోండి. మల్టీమీటర్ ఎర్ర తీగ దానికి, నల్ల తీగ బాడీకి. డీసీ 20 వోల్ట్ల రేంజ్.

మొరాయించినప్పుడు తాళం తిప్పి పట్టుకుని మీటర్ చూడండి. తర్వాత ఒకరిని తాళం తిప్పమని, బ్యాటరీ బోల్ట్ల మీద కూడా చూడండి.

50 టెర్మినల్ మీద 10 వోల్ట్లు దాటి ఉండి "టక్" మాత్రమే వస్తే సాలినాయిడ్ లోపలి రాగి కాంటాక్టులు అరిగిపోయాయని గానీ, లావు కేబుల్‌లోనో ఎర్త్‌లోనో (బ్యాటరీ నెగటివ్‌ని బాడీకి, ఇంజిన్‌కి కలిపే దారి) లోపమని గానీ అర్థం. బ్రష్‌లు మార్చినవాళ్లు ఈ కాంటాక్టులు మార్చారో లేదో అడగండి, చాలామంది మార్చరు. 50 మీద 8 కంటే తక్కువ ఉండి, బ్యాటరీ మీద 12 పైనే ఉంటే దారిలో ఎక్కడో వోల్టేజ్ తినేస్తోంది. బ్యాటరీనే 9.6 కంటే కిందికి పడితే బ్యాటరీని, మోటార్‌ని మళ్లీ అనుమానించాలి.

పుదుపేట_పార్ట్స్:
దీనికి ఒకటి కలుపుతా. ఓమ్‌ల రేంజ్‌లో కేబుల్ చూసి "సున్నా, బాగానే ఉంది" అనుకోవద్దు. సెల్ఫ్ ఈ సైజు ఇంజిన్‌కి సుమారు 120 ఆంపియర్లు లాగుతుంది. కేబుల్‌లో ఓమ్‌లో నూరో వంతు నిరోధం ఉన్నా 1.2 వోల్ట్లు అక్కడే పోతాయి. ఆ నూరో వంతు మామూలు మీటర్‌కి కనపడదు. అందుకే సెల్ఫ్ తిరుగుతుండగానే కొలవాలి. బ్యాటరీ నెగటివ్ బోల్ట్ నుంచి ఇంజిన్ బ్లాక్ దాకా 0.2 వోల్ట్ దాటకూడదు. పాజిటివ్ బోల్ట్ నుంచి సెల్ఫ్ మీది లావు బోల్ట్ దాకా 0.5 దాటకూడదు. ఇంకోటి, బండి ఇక్కడిదే కాబట్టి 2015 డిసెంబర్ వరదలో మునిగిందేమో చూడండి. సీటు పట్టాల కింద, కార్పెట్ అడుగున ఒండ్రు దొరికితే డోర్ పక్కన కాళ్ల దగ్గరుండే ఎర్త్ బోల్ట్లన్నీ విప్పి రుద్దాల్సిందే.

వేళచ్చేరి_వాసి:
ఒండ్రు లేదు. గురువారం సాయంత్రం పట్టుబడింది. తాళం ఆన్‌లో బ్యాటరీ 12.5. తిప్పి పట్టుకుంటే బ్యాటరీ 12.3, 50 టెర్మినల్ 7.6. ఒక్క "టక్". ఎర్త్ మీద 0.03. చల్లబడ్డాక మామూలుగా తిరిగినప్పుడు బ్యాటరీ 10.4, ఎర్త్ 0.15, పాజిటివ్ కేబుల్ 0.3.

టెస్ట్_ల్యాంప్:
మోటార్ తిరగనప్పుడు కొలిచిన ఎర్త్ లెక్కలోకి రాదు, కరెంటు పారలేదు కదా. తిరిగినప్పటి 0.15, 0.3 రెండూ బాగున్నాయి. కేబుళ్లు, బ్యాటరీ వదిలేయండి.

7.6 అసలు విషయం. ఇది వేడికే ఎందుకు వస్తోందంటే, సాలినాయిడ్ లోపలి రాగి చుట్ట నిరోధం డిగ్రీకి 0.39 శాతం చొప్పున పెరుగుతుంది. 30 డిగ్రీల నుంచి 90కి వెళ్తే దాదాపు పావు వంతు ఎక్కువ. ట్రాఫిక్‌లో నడిపి ఆపాక ఫ్యాన్ ఆగుతుంది, గాలి ఆడదు, మొదటి పదిహేను నిమిషాలు బానెట్ కింద వేడి ఇంకా పెరుగుతుంది. అప్పుడు సాలినాయిడ్‌కి అందే ఆ కాస్త వోల్టేజ్ చాలదు. పొద్దున అదే 8 వోల్ట్లకి ఎలాగోలా లాగేస్తుంది. అంటే దారిలో లోపం పొద్దున కూడా ఉంది, బయటపడేది వేడికి.

ఇప్పుడు దారిని ముక్కలు చేసి కొలవండి. బ్యాటరీ పాజిటివ్ నుంచి ఇగ్నిషన్ స్విచ్‌లోకి వచ్చే వైరు, స్విచ్ నుంచి బయటికి వెళ్లే వైరు, ఆ తర్వాత దారిలో ఉన్న ప్రతి కనెక్టర్. ఎక్కడ వోల్టేజ్ ఒక్కసారిగా పడితే అక్కడే దొంగ. ఈ పని చేస్తున్నంతసేపు గేర్ న్యూట్రల్‌లో, హ్యాండ్‌బ్రేక్ వేసి ఉండాలి.

జేసీ_రోడ్:
బెంగళూరు నుంచి. ఇంత ఎందుకండీ? 40 ఆంపియర్ల నాలుగు పిన్నుల రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటుని కలిపే స్విచ్) ఒకటి వేసేయండి. పాత 50 వైరు రిలే 86 పిన్నుకి, 85 ఎర్త్‌కి, 30కి బ్యాటరీ నుంచి 30 ఆంపియర్ల ఫ్యూజ్‌తో నేరుగా, 87 నుంచి 4 చదరపు మిల్లీమీటర్ల వైరు సాలినాయిడ్‌కి. రిలేకి 7 వోల్ట్లు చాలు, సాలినాయిడ్‌కి పూర్తి వోల్టేజ్ వెళ్తుంది.

టెస్ట్_ల్యాంప్:
పని చేస్తుంది, కాదనను. కానీ వేడెక్కే జాయింట్ టేపు కింద అలాగే మిగిలిపోతుంది. అది డ్యాష్‌బోర్డ్ లోపల ఉంటే నాకు నిద్ర పట్టదు. ముందు దొంగ దొరకాలి, రిలే తర్వాత కావాలంటే వేసుకోవచ్చు. వేళచ్చేరి గారూ, పాత ఓనర్ సెక్యూరిటీ అలారం ఏమైనా పెట్టించాడా?

వేళచ్చేరి_వాసి:
పెట్టించాడు. రిమోట్ ఎప్పుడో పోయింది, హారన్ కూడా మోగదు. స్టీరింగ్ కింది ప్లాస్టిక్ విప్పితే ఇగ్నిషన్ వైర్లలో ఒకటి కోసి, మధ్యలో నల్ల రిలే తగిలించి, మెలితిప్పి టేపు చుట్టి ఉంది. టేపు కరిగి జిగురైంది. స్విచ్‌లో పడేది 0.4 వోల్ట్. ఆ రిలే దాటేసరికి ఇంకో 4 పోతోంది.

టెస్ట్_ల్యాంప్:
అదే. దొంగతనం జరిగితే సెల్ఫ్ ఆపడానికి పెట్టే కట్ రిలే అది. సాలినాయిడ్ లాగే కరెంటు ఏళ్ల తరబడి దాని కాంటాక్టుల గుండా పోయి మాడిపోయింది. బ్యాటరీ నెగటివ్ విప్పి, రిలే తీసేసి, కోసిన వైరు రెండు కొసలూ నేరుగా కలిపి సాల్డర్ పెట్టి, హీట్ ష్రింక్ స్లీవ్ (వేడి తగిలితే బిగుసుకునే ప్లాస్టిక్ గొట్టం) ఎక్కించండి. మెలితిప్పి టేపు చుట్టడం మళ్లీ వద్దు. అలారం పెట్టె ఫ్యూజ్ కూడా పీకేయండి.

వేళచ్చేరి_వాసి:
చేశాను. ఇప్పుడు తిరిగేటప్పుడు బ్యాటరీ 10.4, 50 మీద 9.9. పది రోజులైంది, "టక్" మళ్లీ లేదు. కానీ సెల్ఫ్ తిరిగి ఇంజిన్ అందుకోకపోవడం నిన్న ఒకసారి వచ్చింది.

పుదుపేట_పార్ట్స్:
అది రెండో జబ్బు. చవక ఓబీడీ డాంగిల్ (ఈసీఎమ్ లెక్కల్ని ఫోన్‌లో చూపించే ప్లగ్) మీ బండితో మాట్లాడితే ఆర్‌పీఎమ్ (ఇంజిన్ నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతోందో) తెర పెట్టుకోండి. సెల్ఫ్ తిరుగుతుండగా 200 ప్రాంతంలో చూపించాలి. సున్నా చూపిస్తే క్రాంక్ సెన్సార్ (ఇంజిన్ తిరగడాన్ని ఈసీఎమ్‌కి చెప్పేది) నుంచి సంకేతం అందట్లేదు, కాబట్టి ఈసీఎమ్ స్పార్కూ ఇవ్వదు, ఇంజెక్టర్లూ తెరవదు. 200 చూపిస్తూ అందుకోకపోతే తాళం ఆన్ చేయగానే వెనక సీటు కింద పెట్రోల్ పంపు రెండు మూడు సెకన్లు హుమ్మంటోందో లేదో వినండి. అనకపోతే పంపు రిలే, దాని ఎర్త్ చూడాలి. డ్యాష్‌లో తాళం గుర్తు మిణుకుతుంటే ఇమ్మొబిలైజర్ (అసలు తాళం కాదనుకుంటే ఇంజిన్‌ని ఆపే ఏర్పాటు) లోపం. స్పార్క్ చూడటానికి ప్లగ్ క్యాప్ పీకి గాల్లో పట్టుకునే పాత అలవాటు మాత్రం వద్దు, కాయిల్ పోతుంది.

వేళచ్చేరి_వాసి:
ఆర్‌పీఎమ్ సున్నా. పంపు హుమ్మంటోంది. సెన్సార్‌కి రెండు పిన్నులే. చల్లగా 540 ఓమ్‌లు, వేడిగా మొరాయించినప్పుడు మీటర్ తీగ తెగినట్టే చూపించింది. మీద చల్లటి నీళ్లు పోస్తే రెండు నిమిషాల్లో బండి అందుకుంది.

పుదుపేట_పార్ట్స్:
లోపలి చుట్ట వేడికి తెగి, చల్లబడగానే అతుక్కుంటోంది. ఇంకేమీ కొలవక్కర్లేదు, సెన్సార్ మార్చండి. మూడు పిన్నులది అయ్యుంటే ఓమ్‌లు కొలవకూడదు, అది వేరే రకం. పాతది తీసినప్పుడు దాని ముక్కుకి అంటిన ఇనుప రజను సెన్సార్ గూట్లో పడకుండా గుడ్డతో తుడవండి. కొత్త ఓ-రింగ్‌కి ఒక చుక్క ఇంజిన్ ఆయిల్ రాసి నిటారుగా దింపండి, సుత్తితో కొట్టొద్దు. కనెక్టర్ లోపల పచ్చగా చిలుము ఉంటే పిన్నులు కూడా రుద్దండి, లేకపోతే కొత్త సెన్సార్ కూడా నెలకే ఇదే వేషం వేస్తుంది.

వేళచ్చేరి_వాసి:
పిన్నుల్లో ఒకటి పచ్చగానే ఉంది, రుద్దాను. సెన్సార్ మారింది. మధ్యాహ్నం ఎండలో ఆపి, పదిహేనేసి నిమిషాల తేడాతో ఆరుసార్లు తిప్పాను, ఆరుసార్లూ అందుకుంది. ఈసీఎమ్ పాతదే.