మా అక్క 38 ఏళ్ళకి మెట్రిక్ రాస్తానంటోంది, మనిషికి ఇంత పట్టుదల ఎక్కడ్నుంచి వస్తుంది?

వంశధార_తమ్ముడు (గుణుపూర్)
అందరికీ నమస్కారం అండి. మా అక్క తొమ్మిదో క్లాసులో చదువు ఆపేసింది, ఒడియా మీడియం, ఆ తర్వాత పెళ్ళి, ఇద్దరు పిల్లలు, ఇంట్లోనే టైలరింగ్. పెళ్ళిళ్ళ సీజన్ వస్తే ఊపిరాడనంత పని, డబ్బుకి లోటు లేదు. అలాంటిది ఈ ఏడాది ఓపెన్ స్కూల్లో మెట్రిక్ కట్టేసింది. రాత్రి పదింటికి మెషిన్ ఆపి అందరూ పడుకున్నాక ఒంటిగంట దాకా లెక్కలు చేస్తుంది, ఇంట్లో మాట్లాడేది తెలుగు, పుస్తకం ఒడియాలో, వదిలేసి ఇరవై ఏళ్ళు దాటిపోయింది, మొన్న ఒకే ఒక్క లెక్క మీద మూడు రాత్రులు కూర్చుంది. ఉద్యోగం కోసమా అంటే కాదంది, మరెందుకే అంటే "సెయ్యాలనిపించిందిరా" అంది, అంతే. నేను డిగ్రీ అయ్యాక పోటీ పరీక్షలకి రెండుసార్లు మొదలెట్టి రెండుసార్లూ మధ్యలో వదిలేశాను, నాకు లేనిది తనకి ఏముందో నిజంగా తెలుసుకోవాలనుంది. ఎవరూ అడగని కష్టాన్ని మనిషి ఎందుకు నెత్తికెత్తుకుంటాడు?

కొండదారి (కోరాపుట్)
తమ్ముడూ ముందు మీ అక్కకి నా నమస్కారం చెప్పు. మా దగ్గర దేవమాలి ఉంది కదా, 1672 మీటర్లు, ఒడిశాలో అన్నిటికన్నా ఎత్తు. ఇప్పుడు పైకి రోడ్డుంది, బండి మీద వెళ్ళిపోవచ్చు, అయినా మేం ఏడాదికోసారి కింద నుంచి నడిచే ఎక్కుతాం. బండి మీద వచ్చినోళ్ళకీ మాకూ పైన అదే మబ్బు అదే గాలి, కానీ నడిచి వెళ్ళిన రోజు కొండ నాదనిపిస్తుంది, ఇంతకన్నా చెప్పడం నాకు రాదు.
మాలావత్ పూర్ణ సంగతి చూడు. నిజామాబాద్ జిల్లా పాకాల, అమ్మానాన్న కూలి పని చేసేవాళ్ళు, గురుకులంలో చదువుతుంటే శిక్షణకి ఎంపిక చేసి భువనగిరి రాతిగుట్ట మీద నేర్పించారు, 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కేసరికి పద్నాలుగేళ్ళు కూడా నిండలేదు. అప్పుడంటే ఎవరో పంపారు అనుకుందాం. కానీ తర్వాత ఒక్కో ఖండంలో ఎత్తైన శిఖరం ఎక్కుకుంటూ పోయి 2022లో ఏడూ పూర్తి చేసింది కదా, అది ఒకరు పంపితే అయ్యే పని కాదు.

మనసుపాఠం (బరంపురం)
నేను సైకాలజీ చదువుకున్నా కాబట్టి ఆ వైపు నుంచి చెప్తా. 1971లో ఎడ్వర్డ్ డెసీ అనే ఆయన కాలేజీ పిల్లలకి సోమా పజిల్ ఇచ్చాడు, ముక్కలు కలిపి బొమ్మలు కట్టే ఆట. కొందరికి మధ్యలో ఒకరోజు బొమ్మకింత అని డబ్బులిచ్చి మర్నాడు మానేశాడు, కొందరికి అసలివ్వలేదు. ఖాళీ టైంలో ఎవరు ఏం చేస్తున్నారో చూస్తే, డబ్బు రుచి చూసినోళ్ళకి దాని మీద ఆసక్తి తగ్గింది, ఊరికే ఆడినోళ్ళు మాత్రం ఆడుతూనే ఉన్నారు. అంటే పనిలోనే ఏదో ఉంది, బహుమతి అడ్డమొస్తే అది చెడుతుంది. ఇంకోటి, మరీ తేలికైనదీ పట్టదు, మరీ అందనిదీ పట్టదు, చెయ్యి చాపితే కొంచెంలో తప్పిపోయేదే మనిషిని కూర్చోబెడుతుంది. మీ అక్క మూడు రాత్రుల లెక్క అలాంటిదే అయ్యుంటుంది. నువ్వు పరీక్షలు వదిలేయడం గురించి కూడా ఒకమాట, అవి నీకు కావాలనుకున్నవేనా లేక ఇంట్లోవాళ్ళకి కావాల్సినవా, అది చూసుకో.

మాస్టారు (పర్లాకిమిడి)
బాబూ, నేను రిటైరైన టీచర్ని. మన ఊళ్ళోనే పెద్ద ఉదాహరణ ఉండగా హిమాలయాల దాకా ఎందుకు. గిడుగు రామమూర్తి గారు పర్లాకిమిడిలో బళ్ళో పాఠాలు చెప్పుకునే మనిషి, కొండల్లో ఉండే సవర గిరిజనుల భాష నేర్చుకోమని ఆయన్నెవరూ అడగలేదు. తెలుగొచ్చిన ఒక సవరని ఇంట్లో పెట్టుకుని నేర్చుకున్నారు, కొండల్లో తిరిగి మలేరియా తెచ్చుకున్నారు, దానికి వేసుకున్న క్వినైన్‌తో చెవుడొచ్చేసింది. ఒక భాషని చెవితో పట్టుకునే మనిషికి చెవులు పోవడమంటే ఏమిటో ఆలోచించు, నాకు ఇప్పటికీ గుండె పట్టేస్తుంది. అయినా ఆపలేదు, సవర వ్యాకరణం, నిఘంటువు తయారు చేశారు, సవర పిల్లలకి బళ్ళు పెట్టించారు. 1936లో మన ఊరు ఒడిశాలో కలిసినప్పుడు ఆయన రాజమండ్రి వెళ్ళిపోయారు, అప్పటికి డెబ్బై దాటాయి.
నా అనుభవంలో మొదలుపెట్టించేది ఒకటి, నిలబెట్టేది ఇంకొకటి. మొదటిది చాలాసార్లు ఒక దెబ్బో ఒక మాటో అయ్యుంటుంది. మీ అక్కని ఇంకోసారి నెమ్మదిగా అడుగు, ఈసారి ఎందుకు అనకు, ఎప్పుడు మొదలైంది అని అడుగు.

వంశధార_తమ్ముడు (గుణుపూర్)
మాస్టారూ అడిగాను. కాజాలు కుడుతూ తలెత్తకుండా చెప్పింది. రెండేళ్ళ కిందట వాళ్ళ మహిళా గ్రూపులో లెక్కలు రాయడానికి మనిషి కావాల్సొచ్చి మెట్రిక్ పాసైనోళ్ళు చెయ్యెత్తండి అన్నారంట, అప్పటిదాకా ఆ పుస్తకం రాసింది తనే, చెయ్యెత్తలేక ఇంటికొచ్చేసిందంట. మాకెవరికీ చెప్పలేదు. నేను ఇంకా ఆ కోపంతోనే చదువుతున్నావా అంటే, "లేదురా, ఇప్పుడది గుర్తే రాదు, రెండువైపులా సమానం అయిపోయి ఎక్స్ ఇలా బయటికొచ్చినప్పుడు ఎంత బాగుంటాదో, చంకకీ చేతికీ కొలత సరిపోయి జాకెట్టు ముడత లేకుండా కూర్చున్నట్టుంటాది" అంది. అది చెప్పినప్పుడు మొహం చూడాల్సింది అండి.
మనసుపాఠం గారు, మీరడిగింది ఇంకా ఆలోచిస్తున్నా. ప్రస్తుతానికి రాత్రి పదింటి నుంచి నేనూ పక్కన కూర్చుంటున్నా, జామెట్రీ చెప్పడానికి. ఎవరి దగ్గరైనా ఒడియా మీడియం పాత మెట్రిక్ గణితం గైడ్ ఉంటే చెప్పండి, కొనుక్కుంటాం.

కొండదారి (కోరాపుట్)
మా పెద్దోడిది ఉంది, అట్ట చిరిగింది కానీ పేజీలన్నీ ఉన్నాయి. డబ్బులొద్దు, ఆదివారం రాయగడ వస్తున్నా, స్టేషన్ దగ్గర ఇస్తా.