చర్చ: రాక్, మెటల్ చరిత్రను మలుపు తిప్పిన ఘట్టం ఏది?

మోహన_గిటార్:
మిత్రులారా, హెవీ మెటల్ పుట్టుకకు 1965లో బర్మింగ్‌హామ్‌లోని ఒక రేకుల కర్మాగారంలో జరిగిన ప్రమాదమే మూలమని నా నమ్మకం. తర్వాత బ్లాక్ సబత్ బృందానికి గిటారిస్టు అయిన టోనీ ఐయోమీ 17 ఏళ్ల వయసులో, ఆ ఉద్యోగంలో తన చివరి రోజున యంత్రం కింద కుడిచేతి మధ్యవేలు, ఉంగరపు వేలు కొనలను పోగొట్టుకున్నాడు. నొప్పి తగ్గడానికి తీగలను వదులు చేసి శ్రుతి దించాడు. ఆ బరువైన నాదంతోనే 1970 ఫిబ్రవరి 13న బ్లాక్ సబత్ తొలి ఆల్బమ్ వెలువడింది. దీనికి సాటి రాగల ఘట్టం మీ దృష్టిలో ఏది? ఈ సంగీతం ఎన్నడూ వినని మా తమ్ముడికి మొదట ఏ ఆల్బమ్ వినిపించాలో కూడా చెప్పగలరు.

నల్లచొక్కా:
ఇలాంటి జాబితాలన్నీ ఇంగ్లండ్, అమెరికాల దగ్గరే ఆగిపోవడం నాకు బాధ కలిగిస్తుంది. 2007 మార్చి 17న బెంగళూరు ప్యాలెస్ గ్రౌండ్స్‌లో మెటల్ బృందం ఐరన్ మెయిడెన్ వేదికెక్కిన రాత్రి మనకు చరిత్ర కాదా? అరిగిపోయిన క్యాసెట్లలో మాత్రమే విన్న గొంతును ఎదురుగా వినడానికి హైదరాబాద్ నుంచి రాత్రి బస్సు పట్టుకుని వెళ్లినవాళ్లలో నేనూ ఉన్నాను. 2011 అక్టోబరు 28న మెటాలికా బృందం కోసం గుర్‌గావ్ దాకా వెళ్లి, ప్రదర్శన జరగక వెనుదిరిగాను. 30న బెంగళూరులో వారు వాయించారు, కానీ అక్కడికి వెళ్లడానికి నా దగ్గర డబ్బు మిగలలేదు. ఆ వెలితి నాకు ఇప్పటికీ తీరలేదు.

తీగల_మరమ్మతు:
కోఠిలో ఏళ్ల తరబడి గిటార్లు బాగుచేస్తున్నవాణ్ణి కనుక మోహన గారి మాటను సరిదిద్దక తప్పదు. బ్లాక్ సబత్ తొలి ఆల్బమ్‌లో శ్రుతి దించలేదు. అదే ఏడాది వచ్చిన రెండో ఆల్బమ్ 'పారనాయిడ్'లోనూ దించలేదు. రెండూ మామూలు శ్రుతిలోనే ఉన్నాయి. 1971 నాటి 'మాస్టర్ ఆఫ్ రియాలిటీ'లోనే ఐయోమీ పలు పాటలకు గిటారును మూడు ఫ్రెట్ల (గిటారు మెడపై అడ్డంగా ఉండే లోహపు మెట్లు) మేర దించాడు, బృందపు బాస్ గిటారిస్టు గీజర్ బట్లర్ కూడా బాస్‌ను అంతే దించాడు. అదే మందం గల తీగను మూడు ఫ్రెట్ల మేర దించితే బిగువు సుమారు 30 శాతం తగ్గుతుంది. వేళ్లకు సుఖం అక్కడి నుంచి వచ్చింది. తొలి ఆల్బమ్ బరువుకు కారణం వేరే వెతుక్కోవాలి.

లింక్_రే_అభిమాని:
1958లో గిటారిస్టు లింక్ రే తన స్పీకర్ కాగితానికి పెన్సిలుతో చిల్లులు పొడిచి 'రంబుల్' వాయించాడు. ఒక్క మాట కూడా లేని ఆ వాద్యగీతాన్ని కొన్ని రేడియో కేంద్రాలు నిషేధించాయి. మీరు వెతుకుతున్న మొదలు ఇదేనని నా అభిప్రాయం.

మోహన_గిటార్:
తీగల_మరమ్మతు గారూ, మీరు సంవత్సరాలు లెక్కపెడుతున్నారు కానీ నా వాదన వినడం లేదు. సన్నని గిటార్ తీగలు ఆ రోజుల్లో దొరక్క ఆయన బాంజో తీగలు బిగించుకోలేదా? ప్లాస్టిక్ సీసా కరిగించి వేలి తొడుగులు చేసుకుని, వాటిపై తోలు అతికించుకోలేదా? గాయం లేకపోతే ఇవేవీ ఉండేవి కావు. రెండు ఆల్బమ్‌ల తేడా పట్టుకుని మొత్తం కథనే కొట్టిపారేయడం న్యాయం కాదు.

తీగల_మరమ్మతు:
నేను కొట్టిపారేసింది కథను కాదు, శ్రుతి గురించి మీరు రాసిన వాక్యాన్ని. సన్నని తీగలు, తొడుగులు నిజమే. కానీ సన్నని తీగ నాదాన్ని బరువెక్కించదు. ఆ తొలి ఆల్బమ్ లండన్‌లో 1969 అక్టోబరులో ఒక్క రోజులోనే రికార్డయింది. మొదట్లోనే ఐయోమీ స్ట్రాటోకాస్టర్ గిటారు పికప్ (తీగ కంపనాన్ని విద్యుత్ సంకేతంగా మార్చే భాగం) పాడైపోవడంతో ఆయన గిబ్సన్ ఎస్‌జీ అనే మరో గిటారు అందుకున్నాడు. మీరు విన్న బరువు ఆ గిటారుది, గట్టిగా పెంచిన ఆంప్లిఫయరుది, నిదానంగా నడిచే లయది. మా దుకాణానికి వచ్చే పిల్లలు ఈ తప్పుడు కథ నమ్మి, పలచని తీగలను అడ్డగోలుగా దించి, అవి ఫ్రెట్లకు తగిలి గరగరలాడుతుంటే గిటారులో లోపం ఉందని నాతో తగాదా పడుతున్నారు. నా కోపానికి కారణం అదే.

వీణ_విద్యార్థిని:
మీ ఇద్దరూ తీగలు పట్టుకుని ఆ పాటలో వినిపించే స్వరాలను వదిలేశారు. తొలి ఆల్బమ్ మొదటి పాటలో ఐయోమీ ఆధార స్వరాన్ని, దాని పై స్థాయిని వాయించి, ఆపై దిగివచ్చి నిలిచేది మన లెక్కలో ప్రతిమధ్యమం మీద. 72 మేళకర్తల్లో 36 ప్రతిమధ్యమ రాగాలే. కల్యాణిలో మనకు ఎంతో ప్రసన్నంగా వినిపించే ఆ స్వరం అక్కడ భయం పుట్టించడానికి కారణం, పక్కన గాంధార పంచమాలు లేకుండా దాన్ని ఒంటరిగా కంపింపజేయడమే. పాశ్చాత్య స్వరకర్త గుస్తావ్ హోల్స్ట్ రాసిన 'మార్స్'ను బట్లర్ వాయిస్తుండగా విన్న ప్రభావంతో ఐయోమీ ఆ వరుస కట్టాడు. మధ్యయుగాల చర్చి షడ్జం నుంచి ప్రతిమధ్యమానికి ఉన్న ఈ స్వరాంతరాన్ని నిషేధించిందని ఎవరూ రాయకండి, దానికి ఆధారం లేదు.

డ్రమ్స్_సూరి:
ఈ చర్చ ఎంతసేపు నడిచినా బ్లాక్ సబత్ డ్రమ్మర్ బిల్ వార్డ్ పేరు రాలేదంటే నాకు కోపం రాక మానదు. జీన్ క్రూపా వంటి జాజ్ డ్రమ్మర్లను వింటూ పెరిగిన ఆయన ఊపు లేకుంటే ఆ రిఫ్‌లు (మళ్లీ మళ్లీ వచ్చే గిటారు వరుసలు) నేలకు అంటుకుపోయేవి. ఒప్పందం కుదరక 2013 నాటి బ్లాక్ సబత్ '13' ఆల్బమ్‌కు ఆయన దూరమైతే, బ్రాడ్ విల్క్ డ్రమ్స్ వాయించాడు. వాయింపు శుభ్రంగానే ఉంది, కానీ ఊగదు. అందుకే నా దృష్టిలో అసలైన ఘట్టం 2025 జులై 5. ఆ రోజు బర్మింగ్‌హామ్‌లోని విల్లా పార్క్‌లో బృందపు తొలి సభ్యులు నలుగురూ 20 ఏళ్ల తర్వాత ఒక్క వేదికపై నిలిచి నాలుగు పాటలు వాయించారు. పార్కిన్సన్స్ వ్యాధి వల్ల నిలబడలేని గాయకుడు ఆజీ ఆజ్‌బోర్న్ సింహాసనంపై కూర్చునే పాడాడు. ఆ నెల 22న కన్నుమూశాడు.

మోహన_గిటార్:
సూరి గారూ, ఆ ప్రదర్శన చూసి నేనూ కన్నీళ్లు పెట్టుకున్నాను. అయినా ఆ వేదిక దాకా నడిపించింది కర్మాగారమే అంటాను. ఆసుపత్రి నుంచి వచ్చి నిరాశలో ఉన్న కుర్రవాడికి ఫోర్‌మన్ జాజ్ గిటారిస్టు జాంగో రైన్‌హార్ట్ రికార్డు వినిపించి, అగ్నిప్రమాదంలో రెండు వేళ్లు పనిచేయకుండా పోయినవాడే ఇలా వాయించాడని చెప్పకపోతే ఏమయ్యేది?

తీగల_మరమ్మతు:
ఈ మాట మాత్రం ఒప్పుకుంటాను. మీరు దీన్ని మొదటి టపాలోనే రాసి, శ్రుతి మాట వదిలేసి ఉంటే నాకు పని ఉండేది కాదు. మీ తమ్ముడికి తొలి ఆల్బమ్, 'మాస్టర్ ఆఫ్ రియాలిటీ' ఒకదాని వెంట ఒకటి వినిపించండి. ఏది దించిన శ్రుతో అతని చెవే చెబుతుంది.

డ్రమ్స్_సూరి:
రెండింటిలోనూ డ్రమ్స్ వాయించింది బిల్ వార్డే అన్న సంగతి కూడా అతనికి చెప్పండి.