ఇంటి పేరు టేకులో కోయాలంటే: ఒకే పలకలోనా, అక్షరాలు విడివిడిగానా?

టేకుపిచ్చి (తిరుపతి):
బైరాగిపట్టెడలో తెలిసినవాళ్ల గృహప్రవేశానికి ‘శ్రీనివాస నిలయం’ అని టేకులో కోసి ఇస్తానని మాటిచ్చాను. ముప్పాతిక అంగుళం మందం, రెండున్నర అడుగుల పొడవు పలక. నా స్క్రోల్ సా (సన్నటి బ్లేడు పైకీ కిందికీ ఆడుతూ వంపులు కోసే మిషన్) 16 అంగుళాలది. పేరంతా ఒకే పలకలోంచి రావాలని నా పట్టుదల. అక్షరాలు కోసి ప్లైవుడ్ మీద అతికిస్తే బజారు బోర్డుకీ దీనికీ తేడా ఏముంటుంది? అక్షరాలన్నిటినీ కింద ఒక పట్టీతో కలిపేస్తే సరిపోదా? పని తెలిసినవాళ్లు చెప్పండి.

రేణిగుంట వడ్రంగం:
ఒకే పలక వద్దు తమ్ముడూ. కింద పట్టీతో కలుపుతావు సరే, పైన? ‘స’ మీద తలకట్టు చూడు, అక్షరానికి ఎక్కడా తగలదు. ‘శ్రీ’లో రవత్తు, ‘యం’లో సున్న కూడా విడిగానే ఉంటాయి. ఇంగ్లీషులో చిన్న ఐ, జే మీది చుక్కలకే ఈ ఇబ్బంది. మనకు పేరు పేరుకీ ఉంటుంది. అన్నిటినీ అంటుకునేలా సాగదీస్తే అక్షరం రూపే చెడుతుంది.

ఇంకోటి గ్రెయిన్, అంటే చెక్కలో నార గీతలు పోయే దిక్కు. పలక పొడుగునా అడ్డంగా పోతుంది కదా, గుడి, తలకట్టు లాంటి సన్నటి భాగాలు నిలువుగా లేచినచోట అది పొట్టిగా తెగిపోతుంది. ఉప్పు కాగితం పట్టేటప్పుడే అక్కడ పుటుక్కుమంటుంది. విడిగా కోస్తే ప్రతి అక్షరాన్నీ దానికి బలం ఉన్న దిక్కుగా తిప్పి కోసుకోవచ్చు.

చిత్తూరు మేష్టారు:
అలా తిప్పితే పాలిష్ పట్టాక అసలు సంగతి బయటపడుతుంది. వెలుతురు ఒక్కో అక్షరం మీద ఒక్కోలా పడి, ఒకే చెక్క అయినా రంగులు వేరుగా కనిపిస్తాయి. పేరు ముక్కలైపోయినట్టుంటుంది. సన్నటి భాగాలు కాస్త లావుగా గీసుకుంటే బలమూ వస్తుంది. మాధవమాల కొయ్యబొమ్మలో అతుకు కనిపిస్తే మనం మెచ్చుకుంటామా? గుమ్మం మీద పేరుకు మాత్రం ఎందుకు సర్దుకోవాలి? నా ఓటు ఒకే పలకకే.

రేణిగుంట వడ్రంగం:
మేష్టారూ, రంగు మాట ఒప్పుకుంటాను. కానీ మిషన్ ఒప్పుకోదు. 16 అంగుళాలంటే బ్లేడు నుంచి వెనక ఆర్మ్ (మిషన్ చేయి) దాకా ఉండే ఖాళీ. పలక 30 అంగుళాలు. మొదట్లో ఉన్న ‘శ్రీ’ వంపు తిరగాలంటే పలకను చుట్టూ తిప్పాలి. అవతలి కొస ఆర్మ్‌కి కొట్టుకుంటుంది. తెలుగులో వంపు లేని అక్షరం ఏముంది?

టేకుపిచ్చి:
అందుకే స్పైరల్ బ్లేడు అనుకుంటున్నానన్నా. చుట్టూ పళ్లుంటాయి, పలకను తిప్పే పనే లేదు.

రేణిగుంట వడ్రంగం:
పలచటి ప్లైవుడ్‌కు అది బాగుంటుంది. ముప్పాతిక అంగుళం టేకులో గ్రెయిన్ ఎటు లాగితే అటు పోతుంది, అంచంతా గరుకు. సున్న లోపల ఆ గరుకును ఆకురాయితో సరిచేయడానికే ఒక పూట పడుతుంది. మామూలు బ్లేడే వాడు, 7వ నంబరు. కింది పళ్లు తిరగేసి ఉన్న రకం దొరికితే అడుగువైపు చెక్క చీలదు. పైన బ్రౌన్ టేపు అంటించి కోస్తే మాడిన మరకలు తగ్గుతాయి.

రూటర్ మనిషి:
ఇంత గొడవెందుకు, సీఎన్‌సీకి (కంప్యూటర్ నడిపే కోత మిషన్) ఇచ్చేయండి. ఎంత పొడవైనా కోస్తుంది.

చిత్తూరు మేష్టారు:
3 మిల్లీమీటర్ల కట్టర్ లోపలి మూలల్లో ఒకటిన్నర మిల్లీమీటర్ల గుండ్రం వదులుతుంది. తలకట్టు అక్షరాన్ని కలిసే ఇరుకు మూలలు పూడుకుపోతాయి. అదీ కాక అతను చేత్తో కోసి ఇస్తానని మాటిచ్చాడు.

పాకాల పనిముట్లు:
మీ ఇద్దరి మాటా నిలబడే దారి ఒకటుంది. పలకను ముందు మూడు ముక్కలు చేయండి: ‘శ్రీని’, ‘వాస’, ‘నిలయం’. ఒక్కొక్కటి పది అంగుళాలు, మిషన్‌లో సులువుగా తిరుగుతుంది. అక్షరాలను పలకలో ఉన్న వరసలోనే, గ్రెయిన్ దిక్కు మార్చకుండా కోసి, అదే వరసలో అమర్చితే గీతలు ఒక అక్షరం నుంచి పక్కదానికి సాగుతాయి. రంగు తేడా రాదు. వెనక ప్లైవుడ్ వద్దు, టేకు పలకే పెట్టండి. టేకులో నూనె ఉంటుంది కాబట్టి ఫెవికాల్ పూసే ముందు అతికే వైపు థిన్నర్‌తో తుడవాలి.

చిత్తూరు మేష్టారు:
గ్రెయిన్ సాగడం బాగుంది. అయినా వెనక పలక వచ్చిందంటే అక్షరాల సందుల్లోంచి గోడ కనిపించదు. అలా గోడ కనిపించడమే నాకు నచ్చేది.

టేకుపిచ్చి:
మేష్టారూ, గుమ్మం పైన గోడకు వేసిన రంగు ముదురు నీలం. దాని మీద టేకు తేలదు, వెనక లేత రంగు టేకు పలక ఉంటేనే పేరు చదవొస్తుంది. పాకాల పద్ధతిలోనే చేస్తాను. సున్న సంగతి చెప్పండి, బయట ముందా, లోపల ముందా?

రేణిగుంట వడ్రంగం:
లోపలే ముందు. 2 మిల్లీమీటర్ల బెజ్జం వేసి, పైన బ్లేడును పట్టే క్లాంప్ వదులు చేసి, బ్లేడు దూర్చి మళ్లీ బిగించు. టెన్షన్ సరిపోయిందో లేదో బ్లేడును వేలితో మీటి చూడు, సన్నగా ఖంగుమనాలి. ముందే బయట కోసేస్తే పట్టుకోవడానికి చెక్క మిగలదు, వేళ్లు బ్లేడు పక్కకు వచ్చేస్తాయి. ‘శ’, ‘వ’ లోపలి ఖాళీలకూ ఇదే వరస.